సులువైన పాఠం ఎవరి మేలు కోసం?

“ముందు బేసిక్స్ రానివ్వండి, ఆలోచనల సంగతి తర్వాత చూద్దాం.” స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో, స్టాఫ్ రూముల్లో, తల్లిదండ్రుల మీటింగుల్లో ఈ మాట వినని ఉపాధ్యాయుడు ఉండడు. దాని వెంటే ఇంకో రెండు మాటలు వస్తాయి. “మన పిల్లల స్థాయికి అంత కష్టమైనవి ఎందుకండీ?” అన్నది ఒకటి. “బతుక్కి పనికొచ్చేవి బతుకే నేర్పుతుంది, బడిలో సిలబస్ పూర్తవ్వాలి” అన్నది రెండోది. ఇలా అనేవాళ్లు చెడ్డవాళ్లేమీ కారు. చీకటి పడేదాకా బడిలోనే ఉండి స్టడీ అవర్ నడిపేవాళ్లు, సొంత డబ్బుతో పిల్లలకు నోటుపుస్తకాలు కొనిచ్చేవాళ్లు కూడా అంటారు. ఈ అభిప్రాయం ఇంత లోతుగా పాతుకుపోయింది అందుకే. జాలి రూపంలో వచ్చే అన్యాయాన్ని ఎదిరించడం కష్టం. అయినా ఎదిరించాలి. మన బడుల్లో పేద పిల్లలకు జరుగుతున్న నష్టంలో పెద్ద వాటా ఈ జాలిదేనని నా నమ్మకం.

ఆచరణలో ఇది ఎలా ఉంటుందో చూడండి. చాలా బడుల్లో పదో తరగతి పిల్లల్ని మార్కులను బట్టి ఏ, బీ, సీ అని విడదీస్తారు. ఏ గ్రేడుకు పాఠ్యపుస్తకం. సీ గ్రేడుకు పాసు మార్కులు తెచ్చే మెటీరియల్. సంక్రాంతి సెలవులు అయిపోయిన దగ్గర్నుంచి ఆ పిల్లలు ఆ నాలుగు కాగితాలే చదువుతారు, చూసి రాస్తారు, చూడకుండా రాస్తారు. ఓజివ్ వక్రం గీయడం వాళ్లకు వస్తుంది, దానికి మార్కులున్నాయి కాబట్టి. ఆ వక్రం ఏం చెబుతోందని వాళ్లను ఎవరూ అడగరు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 విద్యాప్రణాళిక చట్రం తర్వాత వచ్చిన గణిత పుస్తకాల్లో “ఆలోచించి, చర్చించి రాయండి” అనే పెట్టెలు ఉండేవి. పుస్తకం మొత్తంలో విలువైనవి అవే. గైడులో వాటికి జవాబు దొరికితే ఎక్కించుకోవడం, దొరక్కపోతే దాటేయడం ఎన్ని తరగతుల్లో జరిగిందో ఉపాధ్యాయులందరికీ తెలుసు.

ఇంతకీ ఆ సీ గ్రేడులో ఉండేది ఎవరు? పత్తి ఏరే రోజుల్లో బడి మానేసినవాళ్లు. వలస వెళ్లిన తల్లిదండ్రులతో సగం ఏడాది ఇంకో ఊళ్లో గడిపినవాళ్లు. ఇంట్లో మొదటిసారి బడి మెట్లెక్కినవాళ్లు. ఆలోచించాల్సిన పని ఎవరికి దక్కాలో, ఎక్కించుకోవాల్సిన పని ఎవరికి మిగలాలో పుట్టుకే నిర్ణయిస్తోంది. ఆ నిర్ణయానికి మనం “పిల్లల స్థాయి” అని పేరు పెట్టుకున్నాం.

ముందు మొదటి మాట సంగతి తేల్చుదాం. బేసిక్స్ వస్తే ఆలోచన దానంతట అదే వస్తుందా? 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ యువత మీద 2023లో ‘అసర్’ సర్వే జరిగింది. 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో 34 వేల మందికి పైగా పిల్లలను కలిశారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 43 శాతమే. బేసిక్స్ వాదులు ఈ అంకెను పట్టుకుని “చూశారా, పునాదే లేదు” అంటారు. నిజమే, లేదు. దాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. ఐదో తరగతి పిల్ల రెండో తరగతి వాచకం చదవలేకపోతుంటే చదివించడమే మొదటి పని. తెలంగాణలో తొలిమెట్టు వంటి కార్యక్రమాలు ఆ మేరకు అవసరమైనవే. అయితే అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది, దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. కనీసం తీసివేతలు వచ్చిన పిల్లలకే నిత్యజీవితపు లెక్కలు ఇచ్చారు. డిస్కౌంటు పోగా ఎంత కట్టాలో వాళ్లలో మూడో వంతుకు కొంచెం పైన మాత్రమే చెప్పగలిగారు. అప్పు తీసుకుంటే చివరికి ఎంత తిరిగి కట్టాలో చెప్పగలిగింది పది శాతం మందే. కూడికలు, తీసివేతలు వచ్చినవాళ్ల సంగతి ఇది. పునాది పడ్డాక దాని మీద ఇల్లు తనంతట తానే లేస్తుందన్న వాదం ఈ ఒక్క అంకె దగ్గరే కూలిపోతుంది.

“బతుకే నేర్పుతుంది” అన్న మాటకు జవాబు బ్రెజిల్‌లో 1985లోనే దొరికింది. రెసీఫె నగరంలో కొబ్బరికాయలు, నిమ్మకాయలు అమ్మే పిల్లల దగ్గరికి తెరెజిన్యా కరాహెర్, మరో ఇద్దరు పరిశోధకులు కొనుక్కునేవాళ్లలా వెళ్లి బేరమాడారు. బజారులో ఆ పిల్లలు నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. తర్వాత అవే సంఖ్యలు కాగితం మీద కూడికలుగా, గుణకారాలుగా ఇస్తే నూటికి 37 దగ్గర ఆగిపోయారు. పరీక్షించింది ఐదుగురు పిల్లలనే కాబట్టి అది చిన్న పరిశోధన. నలభై ఏళ్ల తర్వాత, 2025లో, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహచరులు ‘నేచర్’ పత్రికలో ఇదే సంగతిని మన దేశం నుంచి చూపించారు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లలను గమనించారు. కిలో ఇంత అంటే ముప్పావు కిలో ఎంతో, ఇచ్చిన నోటుకు ఎంత చిల్లర తిరిగివ్వాలో కాగితం ముట్టకుండా చెప్పే పిల్లలు, బడి పుస్తకంలోని భాగహారం దగ్గర తడబడ్డారు. బడికి వెళ్లే పిల్లలు కాగితం మీద చేయగలిగిన లెక్కను బజారు లెక్కగా ఇస్తే చేయలేకపోయారు.

ఈ ఫలితం రెండు వైపులా కోస్తుంది. బతుకు ఒక్కటే చాలదు, అది నేర్పిన లెక్క ఆ బజారు దాటి రాలేదు. బడి ఒక్కటే చాలదు, అది నేర్పిన లెక్క గేటు దాటి పోలేదు. ఈ రెంటినీ కలపడం ఎవరో ఒకరు పనిగట్టుకుని చేయాలి. ఆ పని చేయాల్సిన చోటు తరగతి గది. అక్కడ ఉన్న మనం అది మా సిలబస్‌లో లేదంటున్నాం.

సిలబస్‌లో లేదా? ఎనిమిదో తరగతి గణితంలో చక్రవడ్డీ ఉంది. పుస్తకంలో వడ్డీ సంవత్సరానికి 8 శాతమో, 10 శాతమో ఉంటుంది, సూత్రంలో వేస్తే జవాబు వస్తుంది, వెనక పేజీలో సరిచూసుకోవచ్చు. ఆ లెక్క చేసిన పిల్ల ఇంటికి వెళ్తే అక్కడ వడ్డీ “నూటికి మూడు రూపాయలు”. నెలకు. అంటే ఏడాదికి 36 శాతం. ఆ ఇంట్లో ప్రామిసరీ నోటు ఉంటుంది. మూడేళ్లు నిండితే కోర్టులో చెల్లదు కాబట్టి, నిండేలోపే వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకుంటారు. నోటు తిరగరాయడం మన పల్లెల్లో వినని ఇల్లు అరుదు.

ఇప్పుడు తరగతిలో ఈ ప్రశ్న పెట్టండి. 50,000 రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. ఆరేళ్ల దాకా ఏమీ కట్టలేదు. మధ్యలో నోటు తిరగరాయకపోతే ఎంత అవుతుంది? మూడేళ్లకోసారి తిరగరాస్తే ఎంత? మొదటిది 1,58,000. రెండోది 2,16,320. ఒక్క సంతకం ఖరీదు 58 వేల పైచిలుకు. ఈ తేడా ఎక్కణ్నుంచి వచ్చిందో పిల్లలు తమ మాటల్లో చెప్పాలి, సూత్రం పేరు చెప్పి తప్పించుకోకూడదు. ఏడాదికోసారి తిరగరాస్తే 3 లక్షల 16 వేలు దాటుతుంది. నెలనెలా కలిపితే 4 లక్షల 20 వేలు. అప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు: రోజూ కలిపితే? గంటకోసారి కలిపితే? అలా పెరుగుతూనే పోతుందా?

పోదు. ఎంత తరచుగా కలిపినా 4 లక్షల 33 వేల 600 దాటదు. అక్కడొక కనబడని గోడ ఉంది. 1683లో యాకోబ్ బెర్నూలీ చక్రవడ్డీ గురించి ఇదే ప్రశ్న వేసుకుని ఆ గోడ దగ్గరికి చేరాడు. ఆ గోడ ఎక్కడుందో చెప్పేది తర్వాతి కాలంలో ‘ఈ’ (e) అనే అక్షరంతో పిలిచిన సంఖ్య, దాన్నే ఇంటర్ ఎంపీసీ పిల్లలు ఎందుకో తెలియకుండానే సూత్రాల్లో రాసుకుంటారు. ఒక ప్రామిసరీ నోటు నుంచి మొదలైన లెక్క ఉన్నత గణితం వాకిట్లోకి తెచ్చి నిలబెట్టింది. ఇందులో కష్టం ఎక్కడ, జీవితం ఎక్కడ అని విడదీసి చూపించమనండి. విడదీయలేరు. నిజమైన విషయాన్ని నిజాయితీగా తరచి చూస్తే అది తనంతట తానే కష్టమవుతుంది. ఆ కష్టానికి ఒక కారణం కనబడుతుంది కాబట్టి పిల్లలు పారిపోరు, తండ్రి సంతకం ఉన్న కాగితం అది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనది. “నిజజీవితం, నిజజీవితం అంటారు. పేద పిల్లల్ని మళ్లీ కులవృత్తుల్లోకి తోసేయడానికే కదా?” ఈ అనుమానానికి చరిత్ర ఉంది. 1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజాజీ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో ఒక పూటే చదువు, రెండో పూట ఇంటి వృత్తి పని అన్న పథకం తెచ్చారు. పెరియార్, ద్రావిడ ఉద్యమకారులు దాన్ని కులవిద్య అని నిలదీశారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక అది రద్దయింది. నిలదీసినవాళ్లదే న్యాయం. కుమ్మరి కొడుకు కుండలే చేయాలి, రజకుల బిడ్డ బట్టలే ఉతకాలి అని చెప్పే జీవితానుబంధ విద్య నాకూ అక్కర్లేదు.

కానీ ఆ పథకంలో తప్పు ఏమిటో సరిగ్గా గుర్తించాలి. పిల్లల బతుకును బడిలోకి తేవడం ఆ తప్పు కాదు. పిల్లల్ని బడి నుంచి బతుకులోకి వెళ్లగొట్టడం, వాళ్ల నుంచి చదువు కోరడం మానేయడం ఆ తప్పు. మగ్గం దగ్గర కూర్చోబెట్టి నేత నేర్పితే అది కులవృత్తి. పడుగు, పేకల దారాలు ఏ వరసలో దాటితే ఏ డిజైను వస్తుందో గళ్ల కాగితం మీద గీసి, ఆ డిజైను ఎన్ని దారాలకోసారి మళ్లీ మొదలవుతుందో తేల్చమంటే అది గణితం. అది నేతవాళ్ల బిడ్డకూ కావాలి, కలెక్టరు బిడ్డకూ కావాలి. పిల్లల నుంచి ఎంత కష్టమైన ఆలోచన కోరుతున్నాం అన్నదే గీటురాయి. “మీ స్థాయికి ఇది చాలు” అన్న మాట 1953లో వృత్తి పేరుతో వచ్చింది. ఇప్పుడు పాసు మెటీరియల్ పేరుతో వస్తోంది.

కష్టం అనగానే కొందరు కార్పొరేట్ విద్యాసంస్థల వైపు చూపిస్తారు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, రోజూ పరీక్ష, వారం వారం ర్యాంకు. అంతకంటే కష్టమైన చదువు ఉంటుందా అంటారు. అక్కడున్నది వేగం. ఒక బిట్టుకు రెండు నిమిషాలు, ఇంతకుముందు చూసిన నమూనా అయితే ఇంకా తక్కువ. ఒకే ప్రశ్న మీద మూడు రోజులు ఉండటం, దారి తప్పడం, వెనక్కి రావడం, అసలు ప్రశ్నే సరైనదా అని అనుమానించడం, ఇవి అక్కడ నేరాలు. పిల్లలు అలిసిపోతున్నారన్నది నిజం. ఆ అలసటను చదువు లోతుగా ఉందనడానికి రుజువుగా చూపించడం మానాలి.

“ప్రాజెక్టు పనులు పెట్టి చూశాం కదా, ఏమైంది?” అన్నది తర్వాతి బాణం. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో ప్రాజెక్టులు పెట్టారు. నెట్ సెంటర్లలో ప్రింట్లు తీశారు, థర్మాకోల్ అంటించారు, తల్లులు రాత్రంతా చార్టులు గీశారు, అంతర్గత మార్కులు ఇరవైకి ఇరవై పడ్డాయి. ఇది పచ్చి నిజం. కానీ విఫలమైంది ఏది? “మీ ఊరి నీటి వనరుల గురించి రాయండి” అని అడిగితే ఎవరైనా ఎక్కించేస్తారు, ఆ జవాబు ఏ ఊరికైనా సరిపోతుంది. “మీ వీధిలో ఐదు ఇళ్లవాళ్లు రోజుకు ఎన్ని బిందెలు పట్టుకుంటున్నారో వారం రోజులు లెక్కపెట్టండి, పంచాయతీ చెప్పిన లెక్కతో పోల్చండి, తేడా ఉంటే కారణం ఊహించండి, మీ ఊహ తప్పయితే అది ఎలా బయటపడుతుందో రాయండి” అని అడిగితే ఆ జవాబు నెట్ సెంటర్లో అమ్మరు. ప్రాజెక్టులు చచ్చిపోయింది వాటిలో జీవితం ఎక్కువై కాదు, కష్టం లేక.

చివరికి అందరూ చేరే మాట ఒకటుంది: “ఇవన్నీ రిషి వ్యాలీ లాంటి చోట్ల కుదురుతాయి, సర్కారు బడిలో కుదరవు.” దీనికి జవాబు హోషంగాబాద్. 1972లో మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో కొత్త పద్ధతిలో సైన్సు బోధన మొదలైంది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే స్వచ్ఛంద సంస్థలు దాన్ని మొదలుపెట్టాయి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, ఢిల్లీ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పల్లెటూరి టీచర్లతో కలిసి కూర్చుని, ప్రయోగాలు చేసి, పాఠాలు తయారుచేశారు. ‘బాల్ వైజ్ఞానిక్’ అన్న ఆ పుస్తకంలో ప్రశ్నలుండేవి, జవాబులుండేవి కావు. పిల్లలు ప్రయోగం చేసి, పట్టిక నింపి, గుంపుగా వాదించుకుని తేల్చుకోవాలి. పొలాల్లోకి వెళ్లి పంటల్ని, పురుగుల్ని గమనించాలి. పరీక్షకు పుస్తకం వెంట తీసుకెళ్లవచ్చు, అయినా అందులోంచి ఎక్కించడానికి ఏమీ దొరకదు, ప్రశ్నలు అలాంటివి. చేతులతో చేసి చూపించే ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. 1978లో అది జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దాన్ని అందుకుంది. దాదాపు వెయ్యి బడులకు చేరింది. అవన్నీ పల్లెటూరి పిల్లలు చదివే మామూలు బడులు, మామూలు జీతాల మీద పనిచేసే టీచర్లు.

2002లో ప్రభుత్వం దాన్ని ఒక్క ఉత్తర్వుతో ఆపేసింది. “ఆగిపోయింది కదా” అని వాదించేవాళ్లు ఉన్నారు. ముప్పై ఏళ్లు నడిచాక ఆగింది. ఆపింది ప్రభుత్వం, పిల్లలు కాదు. ఆ ముప్పై ఏళ్లలో రైతు కూలీల బిడ్డలు జవాబు లేని ప్రశ్న ముందు కూర్చోగలరని రుజువైంది. ఆ రుజువును ఏ ఉత్తర్వూ చెరిపేయలేదు.

ఒక హెచ్చరికను మాత్రం నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కొత్తగా నేర్చుకునేవాళ్లను ఏ సాయమూ లేకుండా కష్టమైన సమస్య ముందు వదిలేస్తే నేర్చుకోరని విద్యా పరిశోధకులు కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ 2006లో గట్టిగా వాదించారు. వదిలేయమని ఎవరన్నారు? నోటు లెక్కలో మొదటి మూడేళ్ల వడ్డీ టీచరు బోర్డు మీద చేసి చూపించాలి. భాగహారం రాని పిల్లకు అక్కడే, ఆ లెక్కలోనే భాగహారం నేర్పాలి, అప్పుడు అది దేనికో ఆ పిల్లకు తెలుస్తుంది. ఇలా పాఠం చెప్పడం మెటీరియల్ పంచడం కంటే పది రెట్లు కష్టం. టీచరుకు తయారయ్యే సమయం కావాలి, తోటి టీచర్లతో కూర్చునే తీరిక కావాలి, జవాబు నాకూ తెలియదు అని తరగతిలో చెప్పగలిగే ధైర్యం కావాలి. యాప్‌లలో ఫొటోలు ఎక్కించే పనుల్లో ఆ సమయాన్ని మింగేస్తున్న అధికారులు బేసిక్స్ గురించి మాట్లాడే ముందు దీనికి జవాబు చెప్పాలి.

నాకూ తెలియదు అనాల్సిన ప్రశ్నలు మన చుట్టూ ఎన్ని ఉన్నాయి! శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇంటింటా కిడ్నీ రోగులున్నారు. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. అక్కడి ఉన్నత పాఠశాలలో మూత్రపిండాల పాఠం ఉంటుంది. నెఫ్రాన్ బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తారు, మార్కులు పడతాయి. ఆ పిల్లలు డయాలసిస్ గురించి పుస్తకంలో చదివేనాటికే ఇంట్లో చూసి ఉంటారు. నీటి వల్ల కావచ్చన్న ఊహను పరీక్షించాలంటే ఏ ఊళ్ల నీరు తీయాలి, జబ్బు లేని ఊళ్ల నీరు కూడా ఎందుకు తీయాలి, రెండూ ఒకేలా ఉంటే ఏమనుకోవాలి? శాస్త్రం అంటే ఇదే, ఇది పదో తరగతి పిల్లలు వాదించుకోదగిన ప్రశ్నే. నల్లగొండలో ఫ్లోరైడ్ కథ ఇంకా దగ్గరిది. నీటిలోంచి ఫ్లోరైడ్ తీసేందుకు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడే పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు, నాగపూర్‌లోని నీరీ శాస్త్రవేత్తలు రూపొందించారు. ఆ జిల్లా రసాయనశాస్త్రం తరగతిలో పటిక ఎందుకు వేయాలి, ఎంత వేయాలి, ఎక్కువైతే ఏమవుతుంది, అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడ పారబోయాలి అన్న చర్చ ఎన్నిసార్లు జరిగి ఉంటుంది?

టైం లేదంటారు. పదో తరగతిలో డిసెంబరుకల్లా సిలబస్ ముగించి, మార్చి దాకా రివిజన్ పేరుతో అవే ప్రశ్నలు తిప్పి తిప్పి రాయిస్తున్న బడుల్లో టైం లేదనడం చెల్లదు. అయినా టీచర్ల భయం నాకు తెలుసు. ప్రశ్నపత్రంలో లేనిదాని మీద వారం రోజులు పెడితే రేపు రిజల్టు పడిపోయిందని సమీక్షలో నిలబెడతారు. అందుకే మార్పు ప్రశ్నపత్రం దగ్గర మొదలవ్వాలి, బోర్డు పరీక్ష లేని ఎనిమిదో తరగతిలో అయితే ఈ జూన్‌లోనే మొదలుపెట్టవచ్చు. ప్రతి పరీక్షలో పాతిక శాతం మార్కులు పుస్తకం పక్కన పెట్టుకుని రాసే ఒకే ఒక్క పెద్ద ప్రశ్నకు కేటాయించండి. ఏ గైడులోనూ లేనిది, ఆ మండలపు నీరో నేలో అప్పో అందులో ఉన్నది, జవాబు కంటే దారికి మార్కులు పడేది. దాన్ని కాంప్లెక్స్ సమావేశంలో ఆ మండలపు టీచర్లే కలిసి తయారుచేయాలి. ఏ గ్రేడుకు ఒకటి, సీ గ్రేడుకు ఇంకొకటి అని రెండు కాగితాలు ఉండకూడదు.